గుడ్డ కింద కుడిచెయ్యి

నేను పక్షవాతానికి వైద్యం చేయించుకొనేదానికి విదేశం పోయొచ్చినాను. మా ఊళ్ళో ఈ మాట తెలీనోడు లేడు, ఎందుకంటే అందరికీ చెప్పింది నేనే. సరిహద్దు దాటినామని, దారిలో పోలీసోళ్ళు ఆపి సోదా చేసినారని, అక్కడి భాష వేరని, నా చుట్టూ మంచాల్లో ఉండేదంతా పరదేశస్తులేనని చెప్పినాను. ఇందులో ఒక్క మాట అబద్ధం గాదు.

అయితే మా బంగారుపాళ్యం నుంచి ఆ సరిహద్దు జీపులో గంట దూరం. పోలీసోళ్ళు ఆపింది చిత్తూరు దాటినాక వచ్చే చెక్‌పోస్టులో, అదీ మమ్మల్ని గాదు, మా ముందరుండే టమేటా లారీని. అక్కడి భాష అరవం, అది నేను చిన్నప్పటినుంచీ మాట్లాడేదే. ఇంక పరదేశస్తులంటారా, వాళ్ళు మాత్రం నిజం. నేను విదేశం పోలేదు. విదేశమే వచ్చి నా పక్క మంచంలో పడుకొనింది. దాని పేరు హబీబు.

ఈ మధ్య మా ఊళ్ళో ఇద్దరికి పక్షవాతం వచ్చింది. వాళ్ళ పెండ్లాలు వచ్చి, “నువ్వు ఎట్ట లేచినావు పెద్దాయనా?” అని అడిగితే ఒకామెకు ఒక రకంగా, ఇంకొకామెకు ఇంకొక రకంగా చెప్పినాను. రెండూ బాగుండినాయి గానీ ఒకదానికొకటి పొసగలా. అందుకని ఒక తూరి సరిగ్గా రాసి పెడదామని కూచున్నాను. యాడ పెంచినానో నేనే చెప్తాను.

అది రెండువేల మూడో సంవత్సరం, మాఘమాసం. నాకు అరవై దగ్గిర పడినాయి. నేను ఎద్దుల దళారిని. శుక్రవారం సంతలో అమ్మేవానికీ కొనేవానికీ నడుమ నిలబడి బేరం తెంచేది నా పని. మా సంతలో ధర నోటితో చెప్పరు. భుజం మీది తుండుగుడ్డ తీసి ఇద్దరి చేతుల మీదా కప్పుతారు. దాని కింద వేళ్ళు పట్టుకొంటారు. ఒక వేలు పట్టుకొంటే ఒకటి, రెండు పట్టుకొంటే రెండు, చెయ్యంతా పట్టుకొంటే అయిదు. ఒప్పుకొన్నోడు ఎదుటోని చేతిని నొక్కుతాడు. నొక్కినాక ఆ బ్రహ్మదేవుడొచ్చినా బేరం తిరగదు. చుట్టూ ఎంతమంది నిలబడి చూస్తాండినా ధర ఆ ఇద్దరికే తెలుస్తాది.

ఇంకొక కట్టడి ఉండాది. గుడ్డ కింద పెట్టేది కుడిచెయ్యే. ఎడమచెయ్యి పెడితే అవతలోని మొహాన ఉమ్మేసినట్టు. ఎడమచేతి దళారిని నేను చూడలా, మా నాయనా చూడలా.

ఆ శుక్రవారం పొద్దున కుప్పం పక్కనుంచి వచ్చిన ఒక రైతుతో ఎద్దుల జతకు బేరం నడస్తాండాది. కొనేది ఆయన. ఆయన వేళ్ళు ఒక ధర చెప్పినాయి. నేను జవాబు చెప్పబోతే నా చెయ్యి పలకలా. ఆయన నేను బిగిసినాననుకొని ఒక వేలు పెంచినాడు. నేను ఊరికే ఉండినాను. ఇంకొకటి పెంచినాడు. అప్పుటికి నా మూతి పక్కకు పోయింది. ఎగతాళిగా నవ్వతాండాననుకొని ఇంకా పెంచినాడు. నలభై ఏండ్ల దళారితనంలో నేను ఒక్క మాట మాట్లాడకుండా, ఒక్క వేలు కదపకుండా అంత గొప్ప ధర రాబట్టింది ఆ పొద్దే.

నిజానికి ఆయన పెంచింది ఒక్క వేలే. తక్కినవి నేను పెంచినవి. నా నోట్లోనుంచి చొంగ కారి గుడ్డ మీద పడేసరికి ఆయన చెయ్యి విదిలించుకొని, “ఈయనకేందో అయిందప్పోవ్!” అని అరిచినాడు. నేను కింద పడకుండా పట్టుకొనింది గోవిందు. గోవిందు నా పెండ్లాం చెంగమ్మకు తమ్ముని వరస, నా కాడే పని నేర్చుకొన్నాడు. నన్ను జీపులోకి ఎత్తి, చెంగమ్మను ఎక్కించుకొని, చిత్తూరు ఆసుపత్రికి తోలింది వాడే. నా ప్రాణం వాని పుణ్యం. కాదనను. అయితే నన్ను ఎత్తేటప్పుడు కింద పడిన నా తుండుగుడ్డను వాడు తీసి తన భుజం మీద వేసుకొన్నాడు. మాట పడిపొయ్యి, సగం మనిషి చచ్చి, కండ్లు మూతలు పడతాండినా అది మాత్రం నేను చూసినాను.

చిత్తూరులో ప్రాణం నిలబెట్టినారు. “ప్రాణం వరకూ మేం చూసినాం. చెయ్యీ కాలూ మళ్ళా నేర్పించాలంటే సరిహద్దు అవతల ఒక చోటుండాది, మీరు మోయగలిగే ఖర్చులోనే అవుతాది, తీసుకొని పోండి,” అని చెప్పినారు. శివరాత్రి అయిన వారం ఆడికి చేరినాం.

ఊరి బయట, కొండ కింద, వేపచెట్ల నడుమ ఉండాది ఆ చోటు. ఆసుపత్రి మాదిరి ఉండదు, బడి మాదిరి ఉంటాది. ముసిలోళ్ళు, వయసోళ్ళు అందరూ పొద్దున్నే ఒక పెద్ద హాల్లో చేరి నిలబడేది, కూచునేది, గోలీలు ఏరేది, చొక్కా గుండీ పెట్టుకొనేది నేర్చుకొంటాండారు. హాలు బయట పొడుగు బెంచీలు. మన వంతు వచ్చేదాకా వాటి మీద కూచోవాల. ఆ బెంచీల మీద నేను విన్న భాషలు తిరుమల కొండ మీద క్యూలో కూడా వినలేదు. ఎక్కువమంది బంగ్లాదేశ్ వాళ్ళు. వాళ్ళ దేశంలో ఈ వైద్యం దొరక్కనో, దొరికినా అందకనో, బస్సు పట్టుకొని, సరిహద్దు దాటి, కలకత్తాలో రైలెక్కి, పగలూ రాత్రీ కూచొని ఈడికొస్తారు. ఊళ్ళో హోటళ్ళ బోర్డులు కూడా వాళ్ళ భాషలోనే. తెలుగు బోర్డు యాడుండాదా అని నేను వెతికితే ఒకే ఒకటి కనిపించింది. “ఇచ్చట మూత్రము పోయరాదు.”

కుళ్ళు అనేది నాకు ఆ బోర్డు కాడ మొదలయింది.

హబీబు దర్జీ. మనిషి సన్నంగా, గడ్డానికి గోరింటాకు పెట్టుకొని, ఇస్త్రీ చేసిన చొక్కాతో ఉంటాడు. పక్షవాతంలో కూడా ఇస్త్రీ చొక్కా! ఆయనకూ నా మాదిరే కుడిపక్క పడింది. కత్తెర పట్టే బొటనవేలు పోతే దర్జీకి ఇంకేముండాది? దానికోసం వచ్చినాడు. తోడు భార్య జహనారా. నాకు సంతలో నేర్చుకొన్న ఉర్దూ ముక్కలుండినాయి. ఆయనకు యాడనో నేర్చుకొన్న హిందీ ముక్కలుండినాయి. రెండూ కలిపితే ఒక మనిషి మాట అయ్యేది.

ఆయన్ని చూస్తే నాకు ఏమేమిటికి మండేదో చెప్తాను. ఆయన మంచం కిటికీ పక్క. నాది తలుపు పక్క, వచ్చేవాళ్ళూ పొయ్యేవాళ్ళూ తట్టుకొనే చోట. ఆయన మాట ఎవురికీ అర్థం గాదు గనక ఆయన నాలుక బాగుండాదనే లెక్క. నేను మాట్లాడేది అందరికీ తెలిసిన భాష, నాలుక మడతపడిన ప్రతి చోటా దొరికిపోతాను. కసరత్తు చేయించే అమ్మాయి స్టెల్లా, అరవ పిల్ల, ఆయన్ని “హబీబ్ భాయ్” అంటాది. నన్ను “తాతా” అంటాది. ఆయన నాకంటే రెండేండ్లు పెద్ద! ఒకనాడు ఉండబట్టలేక అడిగినాను.

“ఏమ్మా, నేను మాత్రం తాతనా?”

“భాయ్ అంత దూరం నుంచి వచ్చినారు గదా తాతా, పాపం,” అనింది.

చూసినారా? దూరం నుంచి వచ్చినోనికి వరస కూడా పడుచుది. గంట దూరం నుంచి వచ్చిన పాపానికి నేను తాతనయినాను.

ఇవన్నీ నవ్వులాటకు రాస్తాండాను గానీ ఆ రోజులు నవ్వులాట గాదు. పొద్దున లేచి ఎడమచేత్తో కుడిచేతిని తడిమితే, ఎవురో తమ చెయ్యి నా పక్కలో మరిచిపొయ్యి పోయినట్టుండేది. తాకితే తెలస్తాది. చెప్తే వినదు. చెంగమ్మ నన్ను లేపల్ల, కడగల్ల, పంచె కట్టల్ల, వరండా చివర వంట చేసే గదిలో కిరసనాయిలు పొయ్యి మీద సంగటి కెలికి ముద్ద నోట్లో పెట్టల్ల. నేను నలుగురిలో మాటకు మాట చెప్పి బతికినోణ్ణి. ఆమె ముద్ద పెద్దదిగా పెట్టిందని ఒకనాడు ఎడమచేత్తో గిన్నె తోసేసినాను. పప్పు గోడ మీద పడింది. ఆమె గోడ తుడిచి బయటికి పోయింది.

శానాసేపు రాకపోతే తలుపులోనుంచి తొంగి చూసినాను. వరండా మెట్ల మీద కూచొని కొంగు నోట్లో కుక్కొని ఏడస్తాండాది. జహనారా పక్కన కూచొని ఆమె తలను తన భుజానికి ఆనించుకొని ఏదో చెప్తాండాది, వాళ్ళ భాషలో. చెంగమ్మ తల ఊపతాండాది, అంతా అర్థమయినట్టు. నాకు దుఃఖం రావల్ల గదా? రాలా. ముప్పై అయిదేండ్ల కాపురంలో నా భుజం మీద ఎన్నడూ తల పెట్టి ఏడవని మనిషి, నిన్న గాక మొన్న పరిచయమైన పరదేశం ఆడమనిషి భుజం మీద ఏడస్తాండాదే అని కుళ్ళు వచ్చింది. నా భుజం ఎప్పుడయినా ఖాళీగా ఉండిందా అని మీరడగచ్చు. దాని మీద తుండుగుడ్డ ఉండేది.

ఆ పొద్దటినుంచి ఆ ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకొన్నారు. నాకని ఇంటినుంచి తెచ్చిన చింతకాయ ఊరగాయ సగం పక్క మంచానికి పోయింది.

“నా ఊరగాయ ఎందుకిస్తావుమే ఆయనకు?” అంటే,

“నువ్వు తినేటప్పుడు మూతి ముడస్తావు. ఆయన తినేటప్పుడు కండ్లు మూసుకొంటాడు. పెట్టినదానికి సంతోషముండల్లా వద్దా?” అనింది చెంగమ్మ.

ఫాల్గుణంలో ఒకనాడు హాల్లో హబీబు బొటనవేలు కదిలింది. స్టెల్లా చప్పట్లు కొట్టింది. బెంచీల మీదోళ్ళంతా లేచి వచ్చి చూసినారు. జహనారా ఆ వేలిని కండ్లకద్దుకొనింది. చెంగమ్మ కూడా కండ్లు తుడుచుకొనింది. నేను కూడా చాలా సంతోషపడినాను.

లేదు. ఆ వేలు మళ్ళా పడిపోవల్లని వెంకటేశ్వరస్వామికి మొక్కుకొన్నాను. కొండకు నడిచొస్తానని గూడా అన్నాను, కాలు లేనోణ్ణి.

ఆ వారమే గోవిందు చూసేదానికి వచ్చినాడు. అరటిపండ్లు తెచ్చినాడు, నా తుండుగుడ్డ ఉతికి మడతపెట్టి తెచ్చినాడు. వాని భుజం మీద కొత్త గుడ్డ, ఎర్రంచుది, నా దానికంటే ఒక జానెడు పొడుగు.

“నీ గుడ్డ నీకు తెచ్చినా బావా. సంతలో పెద్దోళ్ళు అడగతాండారు. ఉగాది అయినాక జాతర సంత ఉండాది గదా. దానికి నువ్వొస్తే నువ్వే. రాలేకపోతే ఇంక ఎద్దుల కాడ నన్నే నిలబడమంటాండారు.”

“రాలేకపోవడమేందిరా? చెయ్యి వొచ్చేసింది,” అన్నాను.

వాడు మొహం ఇంత చేసుకొని, “నిజంగానా బావా!” అని వాని గుడ్డ తీసి పరిచినాడు. “ఏదీ, ఒక తూరి పట్టు సూద్దాం.”

“ఆసుపత్రిలో బేరం చెయ్యగూడదురా, అశుభం. రోగం బేరంలో చేరుతాది,” అన్నాను. అట్టాంటి కట్టడి మా సంతలో లేదు. అప్పుటికప్పుడు పుట్టించినాను. వాడు పిచ్చోడు, నమ్మి గుడ్డ మడత పెట్టినాడు. వాడు పోతాంటే వాని రెండు చేతులూ ఊగడం చూస్తా కూచున్నాను. ఉగాదికి ఇంక నెల గూడా లేదు. ఆ లోపల ఈ చెయ్యి పలక్కపోతే నేను దళారిని గాను. ఇంక నేనెవురో నాకు తెలీదు.

మర్నాడు మధ్యాన్నం హబీబును పిలిచినాను. బొటనవేలు కదిలినంత మాత్రాన గొప్పోడివయిపోలేదు, నాకాడ ఉండే విద్య నీకు రాదు అని చూపించల్లని నా బుద్ధి. గుడ్డ పరిచి మా సంత బేరం నేర్పించినాను. ఆయనకు భలే నచ్చింది. ఇద్దరమూ నా మంచానికి ఆ పక్కా ఈ పక్కా కూచొని బేరం మొదలుపెట్టినాం. ఆయన బలం లేని వేళ్ళతో నా చచ్చిన వేళ్ళు పట్టుకొని ధర చెప్పల్ల, ఒప్పుకొంటే నేను నొక్కల్ల. యాడ నొక్కేది?

నా ఎడమచేతిని మెల్లిగా గుడ్డ కిందికి జారించినాను. కుడిచేతిని ఒక పక్కకు నెట్టి, ఎడమచేత్తో ఆయన వేళ్ళు నొక్కినాను.

హబీబు కండ్లార్పినాడు. నా మొహంలోకి చూసినాడు. తర్వాత నవ్వి, “వాహ్, దాదా,” అన్నాడు. దాదా అంటే వాళ్ళ భాషలో అన్న.

ఇంక రోజూ అదే ఆట. నా ఇంటి కాడుండే ఎర్రావుకు బేరం, జహనారా చేపలకూరకు బేరం, కిటికీ పక్క మంచానికి బేరం. ప్రతి బేరం నేనే నొక్కి తెంచేది. చెంగమ్మ చూసి, “చెయ్యి పలకతాండాదా?” అని అడిగితే నేను నోరు తెరిచేలోపల హబీబే, “హా బహెన్, దబాతా హై,” అన్నాడు. నొక్కతాండాడు అని. ఆమె పరిగెత్తుకొని పొయ్యి టెలిఫోన్ బూత్‌నుంచి ఊళ్ళో అంగడికి ఫోన్ చేసింది. సాయంత్రానికి బంగారుపాళ్యమంతా నా చెయ్యి వచ్చేసింది.

స్టెల్లా మాత్రం, “గుడ్డ తియ్యండి తాతా, చూద్దాం,” అనింది.

“గుడ్డ తీస్తే బేరం చెడిపోతాదమ్మా.”

ఆ పిల్ల నన్నూ చూసింది, హబీబునూ చూసింది. ఏమనుకొనిందో గానీ, “సరే, గుడ్డ కిందే చెయ్యండి. రోజూ చెయ్యండి. అయితే కుడిచేతిని కూడా కొంచెం పిలస్తా ఉండండి, వింటా ఉంటాది,” అని పోయింది.

ఉగాది ఇంక వారముండాదనంగా హబీబు బయల్దేరినాడు. ఈ దేశంలో ఉండేదానికి ఆయనకిచ్చిన గడువు అయిపోయింది. నయం గావల్సింది ఇంకా ఉండాది, అయినా పోవల్ల. కట్టె పట్టుకొని నడస్తాండాడు. బొటనవేలూ చూపుడువేలూ కలస్తాండాయి. నేను చక్రాల కుర్చీలో ఉండాను. కిటికీ పక్క మంచం నాకొస్తాదని ఒక పక్క సంబరం. ఆ మనిషి నడిచి పోతాండాడే అని ఒక పక్క మంట.

బయట ఆటో నిలబడుండాది. జంక్షన్‌లో రైలు పట్టుకోవల్ల. జహనారా, చెంగమ్మ సంచులు మోస్తాండారు. హబీబు వచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూచున్నాడు. నా భుజం మీది గుడ్డ తానే తీసి, తానే పరిచి, చెయ్యి కింద పెట్టినాడు. ఆఖరి బేరం అన్నట్టు తలాడించినాడు.

నేను అలవాటు ప్రకారం ఎడమచెయ్యి జారించినాను.

ఆయన రెండు వేళ్ళతో దాన్ని పక్కకు జరిపినాడు. దారికడ్డం వచ్చిన పసిబిడ్డను జరిపినట్టు, మెల్లిగా. “యే నహీ, దాదా. ఓ,” అన్నాడు. ఇది గాదు, అది.

నాకు నెత్తిన పిడుగు పడినట్టయింది. నలభై ఏండ్లు జనం చేతులు పట్టుకొని బతికినోణ్ణి, బొటనవేలు ఏ పక్కుంటే ఏ చెయ్యో పట్టుకొన్నోనికి తెలీదని ఎట్ట అనుకొన్నాను! మొదటినాడే తెలిసిపోయింది ఆయనకు. వాళ్ళలోనూ ఎడమచెయ్యి ఇస్తే అవమానమే. ఇన్నాళ్ళూ ఆ అవమానాన్ని గుడ్డ కింద పట్టుకొని, పైకి “వాహ్ దాదా” అన్నాడు.

ఆయన నా కుడిచేతిని వెతికి పట్టుకొన్నాడు. దాని చూపుడువేలు ఒకటి పట్టుకొని కూచున్నాడు. ఒకటి అని. ఏం ఒకటి? ఆవా, ఎద్దా, మాటా? తెలీదు. బేరంలో ఒకరు చెప్పినాక ఇంకొకరు జవాబు చెప్పేవరకూ చెయ్యి ఇడవగూడదు. అది నేను నేర్పిందే.

జహనారా గుమ్మంలోనుంచి ఏదో పిలిచింది. చెంగమ్మ లోపలికొచ్చి, “ఏందయ్యా, ఆయన రైలు పోతాది, ఇడువు!” అనింది. పట్టుకొనుండేది నేను గాదని ఆమెకెట్ట తెలస్తాది? ఆటోవాడు హారన్ కొట్టినాడు. హబీబు కదల్లా. “ఆహిస్తా, దాదా,” అన్నాడు. నిదానంగా అని.

నాకు ఆ చెయ్యి మీద ఆశ పుట్టలా. దేవుడు గుర్తుకు రాలా. కడుపులో ఒకటే మంట. ఈయన కాళ్ళు ఈయనకొచ్చినాయి, వేళ్ళు వచ్చినాయి, నా పెండ్లాం ఊరగాయ తిన్నాడు, ఇప్పుడు మంచితనంలో కూడా నన్ను మించి పోతాండాడు. ఈయన్ని ఒక్క తోపు తొయ్యల్లనిపించింది. ఎడమచేత్తో గాదు, నా చేత్తో.

నడిమివేలు వంగింది. వంగి, గోరు ఆయన అరచేతికి తగిలింది. అంతే. మళ్ళా పడిపోయింది.

హబీబు కండ్లు మూసుకొన్నాడు, చింతకాయ ఊరగాయ తిన్నట్టు. “పక్కా,” అన్నాడు. ఖాయమని. గుడ్డ మడతపెట్టి నా భుజం మీద వేసి, కట్టె అందుకొని నడిచి పోయినాడు.

“చెంగమ్మా! కదిలింది! నా చెయ్యి కదిలింది!” అని అరిచినాను.

ఆమె ఆటోకు చెయ్యూపతా వెనక్కి కూడా తిరగలా. “అది ఎన్నాళ్ళనుంచో కదల్తానే ఉండాది గదయ్యా,” అనింది.

నా జన్మలో జరిగిన ఒక్క అద్భుతం గుడ్డ కింద జరిగింది, చూసిన ఒక్క సాక్షీ రైలెక్కి ఇంకొక దేశం పోయినాడు. చెంగమ్మను పక్కన కూచోబెట్టుకొని అంతా ఒప్పుకొన్నాను. ఇన్నాళ్ళూ నొక్కింది ఎడమచెయ్యి, ఇప్పుడు కదిలింది కుడిది అని. ఆమె నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడింది.

“అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా? ఏదో ఒకటి తేల్చుకో. ఊరికి ఇంకొక తూరి ఫోన్ చెయ్యల్ల నేను.”

తర్వాత నా పక్కన కూచొని, ఆ చేతిని ఒళ్ళో పెట్టుకొని, దాని పక్కే చూస్తా ఉండిపోయింది. అది కదల్లా. ఆమె మాత్రం లేవలా. కొంచెంసేపటికి తల నా భుజం మీదికి వచ్చింది. గుడ్డ తీసి పక్కన పెట్టినాను.

నడిమివేలు మళ్ళా వంగేదానికి శానా రోజులు పట్టింది. దాని తర్వాత ఉంగరం వేలు. స్టెల్లా చప్పట్లు కొట్టింది, అయితే బెంచీల మీదినుంచి ఎవురూ లేచి రాలా. బంగ్లాదేశ్ నుంచి కొత్తగా వచ్చినోళ్ళు, పాపం, వాళ్ళకు నా కత తెలీదు.

ఉగాది దాటింది. జాతర సంత నేను లేకుండానే జరిగింది. మామిడికాయలు దిగే కాలంలో, గుజ్జు ఫ్యాక్టరీలకు లారీలు బారులు కట్టుండే వేళ, కట్టె పట్టుకొని సంతకు పోయినాను. ఎద్దుల కాడ గోవిందు నిలబడుండాడు. నన్ను చూసి జనం పక్కకు జరిగినారు. వాడు గుడ్డ పరిచి చెయ్యి పెట్టినాడు. నేను కుడిచేతిని ఎడమచేత్తో మోసుకొనొచ్చి గుడ్డ కింద పెట్టి, ఎడమదాన్ని అందరికీ కనపడేట్టు బయటికి తీసినాను. వాడు నా వేలు పట్టుకొన్నాడు. నేను జవాబు చెప్పేదానికి పట్టిన సేపట్లో ఒక ఎద్దు పేడ వేసింది, ఇద్దరు బీడీ ముట్టించినారు, ఎవురో “కానీయండప్పా!” అన్నారు. గోవిందు చెయ్యి తియ్యలా. రెండు వేళ్ళు వంగినాయి.

వాడు తలెత్తి నన్ను చూసినాడు. “వొచ్చింది బావా.”

“వొచ్చింది గానీ రెండే రా. రెండు వేళ్ళతో ఎద్దుల ధర యాడ పలకతాది?”

“మేకల పక్క కూచో బావా. ఆడ చాలు.”

అట్ట నేను మేకల దళారినయినాను. ఇరవై ఏండ్లు ఆ రెండు వేళ్ళతోనే గడిచింది. ఊళ్ళో ఎవురన్నా అడిగితే, ఎద్దులు నాకు విసుగొచ్చి వదిలేసినానని చెప్తాను. గోవిందు అయిదు వేళ్ళూ చూస్తే ఇప్పుటికీ నాకు మండతాది.

మంచం పట్టినోళ్ళ ఇంటికి పోయినప్పుడు నేను పండ్లు తీసుకొని పోను. గుడ్డ తీసుకొని పోతాను. వాళ్ళ చచ్చిన వేలు పట్టుకొని కూచుంటాను. తొందరపెట్టను. ఎడమచెయ్యి జారిస్తే మొదట్లో “వాహ్” అంటాను.

హబీబు మళ్ళా ఈ పక్కకు రాలా. వాళ్ళ ఊరు యాడో నాకు తెలీదు. ఆయన కత్తెర పట్టినాడో లేదో తెలీదు. వాళ్ళ ఊళ్ళో కూడా ఎవురో ఒకరు మంచాన పడుంటారు. ఈయన ఆడికి పొయ్యి, ఇస్త్రీ చొక్కాతో స్టూలు మీద కూచొని, గుడ్డ పరిచి, వాని చెయ్యి పట్టుకొని “ఆహిస్తా, దాదా” అంటాండాడేమో. ఆ చెయ్యి ఎవురిదోగానీ, వాణ్ణి తలుచుకొంటే నాకు కుళ్ళే.